కార్మిక నాయకుడు మేయరైతే పాలన చేయగలడా?

సమ్మెలు చేయించడమే తెలిసిన మనిషి మేయర్ పీఠమెక్కితే నగరాన్ని ఏం నడుపుతాడని మీరు అడిగారు. నడపగలడు. అయితే ఆ పీఠానికి ఉన్న అధికారం ఎంతో తెలిసి ఓటు వేయాలి. గోదావరి డెల్టాలో రైస్ మిల్లు హమాలీల సంఘానికి చాలా ఏళ్లు లెక్కలు రాశాను. మా సంఘం అధ్యక్షుడే తర్వాత మా పట్టణానికి మున్సిపల్ ఛైర్మన్ అయ్యారు. మాది నగరం కాదు కాబట్టి ఆయన్ని మేయర్ అనలేదు, తేడా అంతే.

సంఘం పనిలో సమ్మె చివరి మెట్టు. మిగతా కాలమంతా లెక్కలే. 75 కిలోల ధాన్యం బస్తా లారీ నుంచి దించితే ఒక రేటు, కాటా వేసి నెట్టు (బస్తాల దొంతర) కడితే ఇంకొకటి, నెట్టు ఎత్తు పెరిగితే అదనం. ఒప్పందం గడువు దగ్గరపడితే మా అధ్యక్షుడు మన లెక్కతో పాటు మిల్లు యజమాని లెక్క కూడా వేసుకుని వెళ్లేవారు. "వాళ్లు ఇవ్వలేనిది అడిగితే మన పొయ్యిలో పిల్లి లేవదు" అనేవారు.

ఛైర్మన్ అయ్యాక ఆయన మొదట చూసింది పారిశుద్ధ్య కార్మికుల మస్తరు, అంటే హాజరు పట్టీ. తెల్లవారకముందే హాజరు వేసే చోటికి వెళ్లి, రిజిస్టరు తీసుకుని ఒక్కొక్క పేరూ తనే పిలిచారు. కొన్ని పేర్లకు పలికే మనిషి లేడు, జీతం మాత్రం నెలనెలా వెళ్తోంది. పలికినవాళ్లను పక్కకు పిలిచి పీఎఫ్ గురించి అడిగితే, కోత పడుతోందని తెలుసు కానీ జమ అవుతోందో లేదో తెలియదన్నారు. కాంట్రాక్టరు పీఎఫ్ కట్టిన చలానాలు చూపిస్తేనే బిల్లు చెల్లించాలని కౌన్సిల్లో తీర్మానం పెట్టించారు. ఆయనంతట ఆయన ఆపలేరు మరి. చెల్లింపులు ప్రభుత్వం నియమించిన అధికారి, కమిషనర్ చేతిలో ఉంటాయి. ఏ రిజిస్టరులో ఏం దాస్తారో సంఘంలో పనిచేసినవాడికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. ఇది నేను కళ్లారా చూశాను.

ఆ కార్మికులే జీతం పెంచాలని ఆఫీసు ముందు టెంటు వేసినప్పుడు అసలు పరీక్ష వచ్చింది. ఆయన బయటికి వచ్చి, జీతం పెంచే ఉత్తర్వు రాష్ట్ర ప్రభుత్వం ఇవ్వాలి, నా సంతకంతో అయ్యేది కాదు, చెప్పులు, గ్లౌజులు, సబ్బులు మాత్రం ఈ వారమే ఇప్పిస్తాను అన్నారు. ఇప్పించారు కూడా. అయినా అమ్ముడుపోయాడని మా సంఘంవాళ్లే కొందరు అన్నారు. ఆ మాట నాకు ఇప్పటికీ మంటే. చేతకానిది చేస్తానని చెప్పి ఆ రోజుకు జేజేలు కొట్టించుకోవడం ఆయనకు క్షణం పని.

పెద్ద నగరాల్లోనూ ఈ ఇరుకు ఉన్నదే. బొంబాయిలో 1928 నాటి నూలు మిల్లుల సమ్మెను నడిపినవారిలో ఎస్.ఎస్. మిరాజ్కర్ ఒకరు. కమ్యూనిస్టు, కార్మిక నాయకులపై బ్రిటిష్ ప్రభుత్వం పెట్టిన మీరట్ కుట్ర కేసులో 1929లో అరెస్టయ్యారు. 1933లో తీర్పు వచ్చేదాకా విచారణ సాగుతూనే ఉంది. అలాంటి మనిషి, బొంబాయితో కలిపి మరాఠీవాళ్లకు రాష్ట్రం కావాలన్న సంయుక్త మహారాష్ట్ర ఉద్యమం ఊపులో 1958లో బొంబాయి మేయర్ అయ్యారు. కానీ 1888 నాటి చట్టం ప్రకారం అక్కడ కార్యనిర్వాహక అధికారం కమిషనర్‌ది, మేయర్ పదవి అప్పట్లో ఏడాదే. మిల్లులను ఆపించగలిగిన నాయకుడికి ఆ కుర్చీలో దక్కింది ఎక్కువగా సభాధ్యక్షత. మన దగ్గర 1981లో విజయవాడ కార్పొరేషన్ అయినప్పుడు తొలి మేయర్ సీపీఐ నాయకుడు టి. వెంకటేశ్వరరావు. 1995లో ప్రజలే నేరుగా ఓటు వేసి మళ్లీ గెలిపించారు. నేరుగా గెలిచిన మేయర్ మాటకు కౌన్సిల్లో బరువు ఎక్కువ. ఇప్పుడు కార్పొరేటర్లే ఎన్నుకుంటున్నారు కాబట్టి పార్టీ మాట దాటడం కష్టం. 2023 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ అంతటా మున్సిపల్ కార్మికులు సమ్మెకు దిగితే చర్చలు జరిగింది మంత్రులతోనే.

మీ ఊళ్లో సంఘ నాయకుడెవరైనా పోటీ చేస్తుంటే ఆయన సంతకం పెట్టిన పాత కూలి ఒప్పందం ఒకటి చూపించమని అడగండి. రేట్లు పనివారీగా, వివరంగా రాసి ఉన్నాయో లేదో, గడువు దాటాక కొత్తది కుదిరిందో లేదో చూడండి. కార్మికులను విడిగా కలిసి, ఆ రేటే చేతికి వచ్చిందా అని కూడా అడగండి.