డైమండ్ దాకా వచ్చాడట, చదువు మానేస్తానంటున్నాడు

ప్రశ్న: మాది పలాస దగ్గర పల్లె. తిత్లీ తుపానుకి జీడితోట పోయాక మా ఆయన జీడి కార్ఖానాలో పనికెళ్తున్నారు. మా బాబు ఇంటర్ రెండో సంవత్సరం, ఎంపీసీ. రాత్రి రెండింటి దాకా కంప్యూటర్లో వాలరెంట్ అనే తుపాకీ ఆట ఆడతాడు. డైమండ్ ర్యాంకు వచ్చిందట. ఎంసెట్ రాయను, ప్రొఫెషనల్ ఆటగాణ్ణవుతాను, కొత్త మానిటర్ కొనండి అంటున్నాడు. "రమ్మీ ఆడి కొంపలు అమ్ముకున్నోళ్లని చూశాం, ఇదీ అదే" అని వాళ్ల నాన్న నెట్ కేబుల్ పీకేశారు. గుంటడు రెండు రోజులు అన్నం ముట్టలేదు. ఇది నిజంగా బతుకుతెరువేనా?
– ఒక తల్లి, పలాస మండలం

జవాబు: అమ్మా, ముందు మీ ఆయన భయం సంగతి చూద్దాం. రమ్మీలో సొంత డబ్బు ఒడ్డి డబ్బు కోసం ఆడతారు. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం అలాంటి డబ్బాటల్ని నిషేధించింది. మీ బాబు ఆడే రకం పోటీల్ని అదే చట్టం ఈస్పోర్ట్స్ అని విడిగా గుర్తించింది. పోటీకి ప్రవేశ రుసుం ఉండొచ్చు, గెలిస్తే బహుమతి ఉండొచ్చు, పందేలు మాత్రం కుదరవు. అంతకు ముందే, 2022 డిసెంబరులో, కేంద్రం ఈస్పోర్ట్స్‌ని క్రీడల శాఖ చూసేలా చేసింది. మీవాడు జూదగాడు కాడు. ఈ మాట మీ ఆయన నోటితోనే వాడికి చెప్పించండి, ముద్ద దిగుతుంది. ఒక్కటి మాత్రం చూసుకోండి. తుపాకీకి రంగుల తొడుగులు, 'స్కిన్లు' అంటారు, వాటిని పిల్లలు డబ్బు పెట్టి కొంటారు. వాటితో గురి ఏమీ పెరగదు. మీ యూపీఐ లెక్క ఒకసారి తిరగెయ్యండి.

ఇక బతుకుతెరువు మాట. 1997లో అమెరికాలో క్వేక్ అనే తుపాకీ ఆటకి పోటీ పెడితే డెనిస్ ఫాంగ్ అనే కుర్రాడు నెగ్గాడు. ఆ ఆట తయారుచేసిన వాళ్లలో ఒకడైన జాన్ కార్మాక్ తన సొంత ఫెరారీ కారు బహుమతిగా ఇచ్చేశాడు. 2005లో న్యూయార్క్‌లో ఒక ఫైనల్ గెలిచి జొనాథన్ వెండెల్ 1,50,000 డాలర్లు తీసుకున్నాడు. 2013లో స్వీడన్‌లో కౌంటర్ స్ట్రైక్ అనే మరో తుపాకీ ఆటకి మొదటి 'మేజర్', అంటే పెద్ద పోటీ, జరిగేసరికి మొత్తం బహుమతి 2,50,000 డాలర్లు. ఇప్పుడు పెద్ద జట్లు నెలజీతం ఇస్తాయి, కోచ్‌ని పెడతాయి, ఎదుటి జట్టు ఆటని చూసి లెక్కలు తీసేవాణ్ణి పెడతాయి. ఉద్యోగం నిజమే తల్లీ. కుర్చీలే బహు తక్కువ.

ఎంత తక్కువో చూడండి. 2023లో వాలరెంట్ పసిఫిక్ లీగ్, మన వైపు దేశాల జట్లకి పెద్ద పోటీ అది, పది జట్లతో మొదలైంది. మన దేశం నుంచి గ్లోబల్ ఈస్పోర్ట్స్ ఒక్కటే ఉంది. ఆడేది ఐదుగురు, అందులోనూ కొందరు విదేశీయులు. మీవాడి డైమండ్ మీద ఇంకా అసెండెంట్, ఇమ్మోర్టల్, రేడియంట్ ఉన్నాయి. రేడియంట్ అనేది ఒక్కో ప్రాంతంలో పైనున్న 500 మందికే. డైమండ్ అంటే తేలికైన విషయం కాదు, చాలామంది అక్కడికి రారు. కానీ జీతమిచ్చేవాళ్లు వెతికేది అంతకు పైన.

మీ జిల్లాలోనే ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట ఉంది. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చిన కరణం మల్లీశ్వరి పెరిగిన ఊరు. మా విజయనగరం పక్కన కొండవెలగాడ ఉంది, అదీ బరువులెత్తేవాళ్ల ఊరే. అలాంటి ఊళ్లలో పిల్ల బార్ పడితే నిరుడెంత ఎత్తింది, ఈ ఏడు ఎంత ఎత్తింది అని అక్షరం రాని నాయనమ్మకి కూడా తెలిసిపోతుంది. ఇనుప బిళ్లలు కళ్లెదుటే ఉంటాయి. మీ బాబు గదిలో బిళ్లలు మీకు కనబడవు. వాడి వీపు, స్క్రీన్ వెలుగు, అంతే. మీకు భయం పుట్టేదీ, వాడు తనను తాను మోసం చేసుకోగలిగేదీ అక్కడే. కాబట్టి ఆ బరువు మీకు కనబడేలా చేసుకోండి.

ఒక సంగతి చెప్తాను. నేను గంటస్తంభం దగ్గర మేడ మీద ఎనిమిది కంప్యూటర్లతో నెట్ సెంటర్ నడిపేవాణ్ణి. కౌంటర్ స్ట్రైక్ 1.6 రోజులవి. సాయంత్రం కాలేజీ వదిలితే కుర్చీ ఖాళీ ఉండేది కాదు. అప్పటి మౌస్‌లో బంతి ఉండేది, లోపలి రోలర్లకి మట్టి పట్టేసేది. ఒక కుర్రాడు తన మౌస్‌ని చేతిరుమాల్లో చుట్టి తెచ్చుకుని, ఆట మొదలయ్యేముందు గోటితో ఆ మట్టి గీకేవాడు. మిగతావాళ్లు అరుచుకుంటూ కాల్చుకుంటుంటే వాడు ఖాళీ మ్యాపులో ఒక్కడే నిలబడి, ఒకే గోడకి ఒకే చోట తగిలేలా ఫ్లాష్ బాంబు, ఎదుటివాడి కళ్లు బైర్లు కమ్మించేది, విసిరేవాడు. గంటసేపు అదే పని. వాడి ఐదుగురి జట్టుని విజయనగరంలో ఎవరూ కొట్టలేకపోయారు. విశాఖలో ఒక పోటీకి వెళ్లారు. మొదటి మ్యాచ్‌లోనే 16–2తో పోయారు.

ఆ రాత్రి ఆఖరి బస్సు దిగి నేరుగా నా దగ్గరికొచ్చి వాడు చెప్పిన కారణం ఇప్పటికీ మరిచిపోలేదు. "అన్నా, వాళ్లకి మా అడుగుల చప్పుడు వినబడిపోతోంది." ఆ ఆటలో పరిగెత్తితే చప్పుడవుతుంది, షిఫ్ట్ నొక్కి నడిస్తే కాదు. ఎదుటివాళ్లు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని గోడవతల ఎవరున్నారో చెవులతోనే పట్టేశారు. నా సెంటర్లో హెడ్‌ఫోన్సే లేవు. ఎనిమిది స్పీకర్లు, ఒకే గది, ఒకటే కేకలు. మావాళ్లు వినడమనేదే నేర్చుకోలేదు. తప్పు నాది కూడా. మర్నాడే రెండు జతలు కొన్నాను. వాడు మాత్రం తను ఎక్కడ పోయాడో, ఎందుకు పోయాడో పద్దెనిమిది రౌండ్లూ వరసగా చెప్పాడు. సాధన చేసేవాడు అలా మాట్లాడతాడమ్మా.

ఈ ఆదివారం మీ బాబు పక్కన కుర్చీ వేసుకోండి. ఈ వారం ఓడిన మ్యాచ్ ఒకటి రికార్డు చేసి చూపించమనండి. చచ్చిన చోటల్లా ఆపించి "ఎందుకు పోయావు బావూ" అనడగండి. మీకు ఆట తెలియక్కర్లేదు. ప్రతిసారీ టీమ్ బాలేదు, నెట్ బాలేదు అన్నాడంటే వాడు ఆడుతున్నాడు, అంతే. ఆ మూల చూసుకోకుండా వెళ్లాను, స్మోక్ ముందే వేసేశాను, మావాడికి చెప్పకుండా కదిలాను అన్నాడంటే వాడి చేతిలో ఏదో ఉంది, దాన్ని నేను కూడా గౌరవిస్తాను.

మానిటర్ గురించి వాడు చెప్పేది అబద్ధం కాదు. మామూలు 60 హెర్ట్జ్ తెరలో బొమ్మ దాదాపు 17 మిల్లీసెకన్లకోసారి మారుతుంది, 144 హెర్ట్జ్‌లో ఏడింటికోసారి. పైస్థాయిలో ఆ తేడా తెలుస్తుంది. ఇప్పుడే అప్పు చేసి మాత్రం కొనకండి. మీ ఆయన పీకిన కేబుల్‌ని ముందు తిరిగి పెట్టించండి. మీ ఇంటి నుంచి ముంబై సర్వర్‌కి సంకేతం వెళ్లి తిరిగి రావడానికి పట్టే సమయాన్ని పింగ్ అంటారు. వైఫైలో అది ఎగిరెగిరి పడుతుంది, కేబుల్‌తో నిలకడగా ఉంటుంది. మీకు పైసా ఖర్చు లేదు.

చదువు మానడానికి నేనొప్పుకోను. ఫ్రాన్స్‌లో జైవూ అనే కుర్రాడున్నాడు, కౌంటర్ స్ట్రైక్ ఆటగాడు. వాడికి ఇంకా బడి ఉండగానే పెద్ద జట్లు పిలిచాయి. చదువు అయ్యేదాకా ఆగి, 2018లో విటాలిటీ జట్టులో చేరాడు. 2019లో ప్రపంచంలో నంబర్ వన్ అయ్యాడు. మీవాడికి అలాంటి పిలుపు ఇంకా ఒక్కటీ రాలేదు. ఎంసెట్ దాకా రోజుకి రెండు గంటలు, రాత్రి పదికి ఆపెయ్యాలి. నిద్ర చాలకపోతే చెయ్యి ఆలస్యంగా కదులుతుందని వాడికీ తెలుసు. పరీక్ష అయ్యాక రెండు నెలలు పూర్తిగా వదిలెయ్యండి. స్థిరమైన ఐదుగుర్ని కూడగట్టుకుని, ఎవరైనా చేరగలిగే ఆన్‌లైన్ పోటీలు ఆడమనండి. నోటుపుస్తకంలో తేదీ, ర్యాంకు, ఓటమికి కారణం రాయించండి. ఇమ్మోర్టల్ దాటి, పోటీల్లో పై రౌండ్లకి వెళ్తుంటే ఆ పుస్తకంతో నాకు మళ్లీ రాయండి. అప్పుడు మానిటర్ కొనమని నేనే చెప్తాను.

అన్నం మానేసిన రెండు రోజులు కోపంతో మానేసినవే అనిపిస్తోంది. అలా కాకుండా ఆపాలనుకున్నా ఆపలేకపోవడం, స్నేహితులు, తిండి, చదువు అన్నీ వెనక్కిపోవడం, నష్టం కళ్లెదుట కనబడుతున్నా ఆగకపోవడం నెలల తరబడి సాగితే ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని జబ్బు కిందే లెక్కేస్తోంది. అలాంటప్పుడు 14416కి, ప్రభుత్వ టెలీ మానస్‌కి ఫోన్ చెయ్యండి, తెలుగులోనే మాట్లాడతారు.

ప్రశ్న: రాజాంలో బీటెక్ చదువుతున్నాను. నేనూ హాస్టల్ స్నేహితురాలూ వాలరెంట్ ఆడతాం. మైకులో ఆడపిల్ల గొంతు వినబడగానే బూతులు మొదలు. మైక్ ఆపేసి ఆడుతున్నాం. అమ్మాయిలకి పోటీలున్నాయా అండీ?

జవాబు: ఉన్నాయమ్మా. ఆ ఆట తయారుచేసిన రయట్ కంపెనీయే 2021లో గేమ్ ఛేంజర్స్ పేరుతో అమ్మాయిల కోసం పోటీలు మొదలుపెట్టింది. కానీ మైక్ ఆపేసుకుని అక్కడిదాకా వెళ్లలేవు. స్పైక్, అంటే ఆటలో బాంబు, పెట్టాక అది పేలడానికి 45 సెకన్లే ఉంటాయి. "బీ సైట్‌లో ఇద్దరు, ఒకడికి దెబ్బ తగిలింది" అని అరక్షణంలో చెప్పడం ఈ ఆటలో సగం. బూతులాడినవాణ్ణి మ్యూట్ చేసి, రిపోర్టు కొట్టి, మిగతా ముగ్గురితో మాట్లాడుతూనే ఉండు. హాస్టల్లో ఇంకో ముగ్గుర్ని వెతుక్కుంటే ఆ గొడవే ఉండదు.

నీ ఉత్తరం చదివాక రాత్రంతా ఒకటే ఆలోచన. నా సెంటర్‌కి ఆడపిల్లలు రిజల్ట్స్ చూసుకోవడానికి, అప్లికేషన్లు నింపడానికి వచ్చేవారు. ఆట జరుగుతుంటే కొందరు తలుపు దగ్గరే ఆగి చూసేవారు. కూర్చోమ్మా, ఆడి చూడు అని ఒక్కరితోనైనా అన్నట్టు నాకు గుర్తులేదు. అని ఉండాల్సింది.

ప్రశ్న: నేను పదో తరగతి. నాన్న ఫోన్లో బీజీఎంఐ అనే తుపాకీ ఆట ఆడతాను. గోడవతల శత్రువులు కనబడే హ్యాక్ ఫైలు మా ఫ్రెండ్ పంపాడు. ర్యాంకు వచ్చేదాకా వాడి తీసేస్తే తప్పా?
– బొబ్బిలి

జవాబు: తప్పే నాన్నా. 2018లో షాంఘైలో ఆసియా స్థాయి కౌంటర్ స్ట్రైక్ పోటీలో మన దేశపు ఆటగాడొకడు గురి తనంతట తానే కుదిరే ప్రోగ్రాంతో దొరికిపోయాడు. దానికి వర్డ్ ఫైలులా పేరు పెట్టుకున్నాడు. రిఫరీ వచ్చి కంప్యూటర్ చూస్తున్నప్పుడు దాన్ని చెరిపెయ్యబోయాడు. జట్టు మొత్తాన్ని పోటీ నుంచి తప్పించారు, తర్వాత యాజమాన్యం ఆ జట్టునే ఎత్తేసింది. ఏ తప్పూ చెయ్యని మిగతా నలుగురూ రోడ్డున పడ్డారు. నాకు బాధ వాళ్ల గురించే.

నా సెంటర్లో కూడా ఒకడు చేశాడు. వెనకనుంచి చూస్తే తెలిసిపోయేది. గోడ అవతల మనిషి కదిలితే ఇవతల వీడి గురి కూడా కదిలేది. నేను ఏమీ అనలేదు. వారం తిరిగేసరికి వాడి పక్క కుర్చీలో ఎవరూ కూర్చోలేదు. ఇప్పుడు బీజీఎంఐలో పట్టుబడితే ఖాతాతో పాటు ఫోన్‌ని కూడా బ్యాన్ చేస్తారు. పైగా అలాంటి ఫైళ్లు మెసేజ్‌లు చదవడానికి అనుమతి అడుగుతాయి, బ్యాంకు ఓటీపీలు వచ్చేది అక్కడికే. ఈ పేజీ మూసి ముందు ఆ ఫైలు తీసెయ్. అనుమతి ఇచ్చేసి ఉంటే ఇవాళే మీ నాన్నకి చెప్పి పాస్‌వర్డులు మార్పించు.