బైపోలార్ ఉన్నవాళ్లకి బెజవాడలో తట్టుకోగలిగే పని: ముందు టైమింగ్స్ అడగండి

మీరు అడిగింది: "మా తమ్ముడికి 26 ఏళ్లు, బీకాం చదివాడు. మూడేళ్ల నుంచి బైపోలార్, మందులు వాడుతున్నాడు, ఇప్పుడు బాగానే ఉన్నాడు. విజయవాడలో గానీ గుంటూరులో గానీ వాడు తట్టుకోగలిగే ఉద్యోగం ఏముంటుంది? జబ్బు సంగతి ముందే చెప్పాలా?"

ఏ ఉద్యోగం అన్నది తర్వాత చూద్దాం. ముందు దాని టైమింగ్స్ కనుక్కోండి. ఎన్నింటికి రావాలి, ఎన్నింటికి వదులుతారు, సీజన్‌లో ఎంతసేపు ఉండమంటారు, నైట్ డ్యూటీ ఉందా. బైపోలార్ అంటే కొన్నాళ్లు అతి హుషారు, కొన్నాళ్లు తీవ్రమైన దిగులు వచ్చిపోయే జబ్బు. ఇందులో నాలుగు రాత్రుల నిద్ర చెడితే చాలు, జబ్బు తిరగబెట్టడానికి. జీతం రెండు మూడు వేలు తక్కువైనా సరే, రోజూ ఒకే టైముకి ఇంటికి పంపే పని చూడండి. షిఫ్టులు మారే స్పిన్నింగ్ మిల్లు, రాత్రిపూట కాల్ సెంటర్, పెళ్లిళ్ల డెకరేషన్ పని, కార్పొరేట్ కాలేజీ హాస్టల్ వార్డెన్: ఈ నాలుగూ జీతం కూడా అడక్కుండా వదిలేయండి. వార్డెన్ పనంటే కుర్చీలో కూర్చోవడమే అనుకుంటారు చాలామంది. తెల్లారకముందే పిల్లల్ని లేపాలి, రాత్రి స్టడీ అవర్ అయ్యాక లైట్లు ఆర్పాలి, మధ్యలో ఎవడికి జ్వరమొచ్చినా జాగారమే.

"తేలిక పని" అని చుట్టాలు చూపించేవాటితో ఇంకా జాగ్రత్త. బాబాయిగారి షాపులో కౌంటర్ మీద కూర్చోమంటారు. కౌంటరంటే వచ్చినవాడల్లా బేరమాడతాడు, చిల్లర లెక్క తప్పకూడదు, తప్పితే పదిమందిలో మాట పడాలి. పైగా చుట్టాల షాపులో డ్యూటీకి టైమంటూ ఉండదు, జీతం అడగడానికి మొహమాటం, మానేస్తే ఊరంతా తెలుస్తుంది. "ఖాళీగా ఉంటే ఆలోచనలు ఎక్కువవుతాయి, ఏదో ఒకదాంట్లో పడెయ్యండి" అనే పెద్దమనుషులే "పెళ్లి చేస్తే అన్నీ సర్దుకుంటాయి" అని కూడా అంటారు. ఆ రెండు సలహాలూ ఒక చెవిన విని రెండో చెవిన వదిలేయండి.

టైమింగ్స్ మీద ఇంత పట్టు ఎందుకో తెలియాలంటే ఒక కుర్రాడి సంగతి చెప్పాలి. వన్‌టౌన్‌లో హోల్‌సేల్ బట్టల షాపులో సేల్స్‌కి చేరాడు. బైపోలార్, జబ్బుని అదుపులో ఉంచే క్వెటియాపిన్ మాత్ర రాత్రి వేసుకుంటాడు, మత్తుగా ఉంటుంది దానికి. మామూలు రోజుల్లో తొమ్మిదికి షట్టర్ దించేవాళ్లు, ఏ ఇబ్బందీ లేదు. ఆషాఢం సేల్ మొదలైంది. పదకొండున్నర దాకా బేళ్లు విప్పడం, రేటు చీటీలు అంటించడం. ఇంటికెళ్లి అన్నం తినేసరికి పన్నెండు దాటుతోంది. అప్పుడు మాత్ర వేసుకుంటే పొద్దున మెలకువ రాదు, షాపు తెరిచే టైముకి అందుకోలేడు. అందుకని మొదట సగం మాత్ర చేశాడు, తర్వాత అదీ మానేశాడు. ఇంట్లో చెప్పలేదు. వారం తిరక్కుండానే తెల్లవారుజామున ఐదింటికల్లా షాపు ముందు ప్రత్యక్షం. వాచ్‌మన్ చేత తాళం తీయించి, పై అంతస్తులో చీరలన్నీ ర్యాకుల్లోంచి దింపి, లేత రంగు నుంచి ముదురు రంగు వరకు వరసగా మళ్లీ సర్దాడు. ప్రతి వరసకీ స్కెచ్ పెన్నుతో అట్టముక్క మీద పేరు. యజమాని మురిసిపోయి మిగతా కుర్రాళ్లని పిలిచి చూపించాడు, "పనంటే ఇలా చెయ్యాలిరా" అని. చేతిలో ఐదొందలు కూడా పెట్టాడు. ఇంకో నాలుగు రోజులకి ముక్కూమొహం తెలియని పార్టీకి రెండు బేళ్లు అరువు మీద పంపేశాడు. ఆ రాత్రే కౌంటర్ దగ్గర పెద్ద గొడవ. వాళ్ల నాన్న ఆటోలో తీసుకెళ్లి హాస్పిటల్లో చేర్పించాడు. షాపువాళ్లు ఆ నెల జీతం ఎగ్గొట్టారు.

గొడవ జరిగాక ఎవరికైనా అర్థమవుతుంది. పట్టుకోవాల్సింది చీరలు సర్దిన రోజున, అతి హుషారు అప్పుడే మొదలైంది. మీ తమ్ముడికి మొదట్లో ఏం మారుతుందో మీ ఇంట్లోవాళ్లకే తెలుసు: నిద్ర ఐదు గంటలకి పడిపోవడమో, రాత్రిపూట ఫోన్లో వరసబెట్టి మాట్లాడటమో, లేని ఖర్చులో. అవి ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి. వరసగా రెండు రాత్రులు నిద్ర తగ్గితే డాక్టర్‌కి ఫోన్ చెయ్యాలని కూడా రాయండి. ఆ పరిస్థితిలో ఏం చెయ్యాలో డాక్టర్ని ముందే అడిగి అదే కాగితం మీద రాయించుకోండి. మీ డాక్టర్ దొరక్కపోతే 14416, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్. ఫ్రీ, తెలుగులో మాట్లాడతారు, రాత్రీ పగలూ ఎత్తుతారు.

ఇక మందుల చీటీ పక్కన పెట్టుకుని పని వెతకాలి. క్వెటియాపిన్, అలాంటిదే ఒలాంజపిన్, వీటి మత్తు పొద్దున పది దాకా లాగుతుంది చాలామందికి. మాత్ర పదకొండుకి వేసుకుంటుంటే ఎనిమిదిన్నరకి జరపొచ్చా అని డాక్టర్ని అడగండి. సొంతంగా జరపొద్దు. మత్తిచ్చే క్లోనజెపామ్ వేసుకునేవాళ్లకి ఆటోనగర్‌లో లేత్ మిషన్, వెల్డింగ్ పనులు వద్దు, వేళ్లు పోతాయి.

బైపోలార్‌కి ఇచ్చే లిథియం మాత్ర వాడుతుంటే ఎండాకాలం గుర్తుపెట్టుకోండి. మన దగ్గర మే నెలలో బండి మీద పార్సిళ్లు తిప్పే పని చేస్తే ఒంట్లో నీళ్లు, ఉప్పు చెమటగా పోయి రక్తంలో లిథియం పెరుగుతుంది. రక్తపరీక్ష రిపోర్టులో లిథియం లెవెల్ మామూలుగా 0.6 నుంచి 1.0 మధ్య ఉంచుతారు. అది దాటి పైకి పోతే చేతులు బాగా వణకడం, వాంతులు, విరేచనాలు, తూలడం. ఒళ్లునొప్పులకని మెడికల్ షాపులో డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ కొనుక్కుంటే ఇంకా పెరుగుతుంది. ఏ మందులు వాడుతున్నావని అడిగి ఇచ్చే మెడికల్ షాపు ఒక్కటి చూపించండి, దండం పెడతాను. లెవెల్ చూసే రక్తపరీక్ష చివరి డోసు వేసుకున్న 12 గంటలకి ఇవ్వాలి. కాబట్టి ఆ రోజు పొద్దున డ్యూటీకి గంట ఆలస్యమవుతుంది, ముందే చెప్పుకోవాలి. కొద్దిగా వణుకు మామూలు డోసులో కూడా ఉండొచ్చు. అలాంటివాళ్లకి సెల్‌ఫోన్ రిపేరు, మగ్గం వర్కు విసుగొస్తాయి. కీబోర్డ్ పని నయం.

మీ తమ్ముడు బీకాం కాబట్టి నన్నడిగితే కంప్యూటర్లో లెక్కలు రాసే ట్యాలీ, జీఎస్టీ పని. ఈ పనిలో ఒత్తిడి ఉంది, కానీ అది ఎప్పుడొస్తుందో క్యాలెండర్లో కనిపిస్తుంది. నెలనెలా రిటర్నులేసేవాళ్లకి అమ్మకాల లెక్క చూపే జీఎస్టీఆర్-1 కి 11వ తేదీ, పన్ను కట్టే 3బి కి 20వ తేదీ. ఆ ముందు రెండు మూడు రోజులే హడావిడి. ఆడిటర్ ఆఫీసులో చేరితే జూలై, సెప్టెంబరు నెలల్లో రాత్రుళ్లు కూర్చోబెడతారు, అది వద్దు. దాని బదులు రెండు మూడు షాపులకి పార్ట్‌టైమ్ అకౌంట్స్ రాయడం మేలు. ఆటోనగర్‌లో స్పేర్‌పార్ట్స్ షాపులు, మందుల ఏజెన్సీలు, గుంటూరు పట్నం బజారులో కిరాణా హోల్‌సేల్ వాళ్లు పూటకి రెండు గంటలు వచ్చి బిల్లులు ఎక్కించి వెళ్లే మనిషి కోసం చూస్తూనే ఉంటారు. ఒక షాపుతో మొదలుపెట్టి, కుదిరాక రెండోది. ఒకచోట చెడినా రెండోది మిగులుతుంది.

చదువు లేనివాళ్ల కోసం కూడా ఒక మాట. గుంటూరులో మిర్చి తొడిమలు తీసే పని కూర్చుని చేసేది, ఎంత తీస్తే అంత కూలి, ఎవరితో మాట్లాడక్కర్లేదు. కాకపోతే ఘాటుకి దగ్గు, కళ్లమంట, చేతులు మండుతాయి. రేకుల షెడ్డు కింద ఎండాకాలం మధ్యాహ్నాలు అసలొద్దు. మానసిక జబ్బుల మందుల వల్ల ఒళ్లు బిగుసుకోకుండా ఇచ్చే ట్రైహెక్సిఫెనిడిల్ వాడేవాళ్లకి చెమట సరిగా పట్టదు, ఒళ్లు వేడెక్కిపోతుంది. కర్రీ పాయింట్‌లో పొద్దున కూరగాయలు తరిగే పని నాలుగు గంటల్లో అయిపోతుంది, కానీ పొద్దున్నే లేవగలిగినవాళ్లకే.

చేరే ముందు ఒక నెల రిహార్సల్ చేయించండి. రోజూ అదే టైముకి లేచి, స్నానం, టిఫిన్ అయ్యాక, బస్సెక్కి ఠాగూర్ లైబ్రరీకో, గుంటూరైతే బృందావన్ గార్డెన్స్‌లో అన్నమయ్య గ్రంథాలయానికో వెళ్లి మూడు గంటలు ట్యాలీ నేర్చుకుని రావడం. ఈ నెల గడిస్తే రోజుకి నాలుగు గంటల పనిలో పెట్టొచ్చు. ఆరు వారాలయ్యాకే గంటలు పెంచండి. గంటలు పెంచిన నెలలో ఇల్లు మారడం, పెళ్లిచూపులు, మందు మార్పు లాంటివి పెట్టుకోవద్దు. "పూర్తిగా తగ్గాక చూద్దాంలే" అని ఏళ్లు గడపడం కూడా తప్పే. పక్కన ఒక మనిషి తోడుండి నేరుగా అసలు పనిలోనే పెట్టే పద్ధతి అమెరికాలో 1990ల్లో మొదలైంది. ముందు ఏళ్లకేళ్లు ట్రైనింగ్ ఇచ్చే పాత పద్ధతి కన్నా దీనితోనే ఎక్కువమంది ఉద్యోగాల్లో చేరారని ఎన్నో పరిశీలనల్లో తేలింది. ఆ తోడుండే మనిషి మన దగ్గర ప్రభుత్వం పంపదు, మీరే అవ్వాలి.

చెప్పాలా వద్దా? జబ్బు పేరు చెప్పకండి, మీకు కావలసింది చెప్పండి. "రాత్రి ఎనిమిది దాటాక ఉండలేను, నెలకో పూట హాస్పిటల్‌కి వెళ్లాలి, మందులు వాడుతున్నాను." ఇంతవరకు చాలు. ఎందుకని గుచ్చి అడిగితే "నిద్రకి సంబంధించిన సమస్య" అంటే అబద్ధం కూడా కాదు. పని చేసేచోట ఒక్క మనిషికి మాత్రం మీ ఫోన్ నంబరు ఇచ్చి ఉంచండి. ప్రభుత్వ ఉద్యోగమైతే లెక్క వేరు. అక్కడ 2016 వికలాంగుల హక్కుల చట్టం కింద రక్షణ ఉంది, చెప్పుకుంటేనే లాభం. 2021లో రవీందర్ కుమార్ ధారివాల్ అనే సీఆర్‌పీఎఫ్ అధికారి కేసులో, మానసిక వైకల్యం వల్ల వచ్చిన ప్రవర్తన మీద క్రమశిక్షణ చర్య తీసుకోవడం వివక్షేనని సుప్రీంకోర్టు తేల్చింది.

వైకల్యం ఎంత శాతమో చెప్పే సదరం సర్టిఫికెట్ కోసం తిరిగేముందు లెక్క వేసుకోండి. సొంత పనులు చేసుకోవడం, నలుగురితో మెలగడం, మాట్లాడి అర్థం చేసుకోవడం, ఉద్యోగం: ఒక్కోదానికి 0 నుంచి 4 మార్కులు, ఇబ్బంది ఎక్కువైతే మార్కులు ఎక్కువ. జబ్బు ఎన్నేళ్లుగా ఉందో దానికి ఇంకో 4 దాకా. మొత్తం 20కి 7 వస్తే 40% వైకల్యం. మీ తమ్ముడికి మూడేళ్లు కాబట్టి దానికి 2 వస్తాయి, మిగతా నాలుగింట్లో 5 రావాలి. మందులకి బాగా కుదుటపడ్డవాళ్లకి అన్ని రావు. మందులు సక్రమంగా వాడినందుకు పడే శిక్ష ఇది, నాకు ఎప్పటికీ మింగుడుపడదు. వస్తే మాత్రం, మిగతా అర్హతలు ఉంటే నెలకి 6,000 పింఛను, ప్రభుత్వ ఉద్యోగాల్లో కోటా ఉంటాయి. ఆ కోటా కూడా ఆటిజం, మేధో వైకల్యం, లెర్నింగ్ డిజెబిలిటీ, బహుళ వైకల్యం వాళ్లందరితో కలిపి 1 శాతమే. స్లాట్ వార్డు సచివాలయంలోనో మీసేవలోనో బుక్ అవుతుంది. మొదటి నుంచి ఉన్న చీటీలన్నీ, ఇంట్లో రోజూ చూసే మనిషినీ వెంట తీసుకెళ్లండి.

దీనికన్నా ఈఎస్ఐ, అంటే ఉద్యోగుల ఆరోగ్య బీమా, ఉన్న ఉద్యోగం దొరికితే నయం, దీని సంగతి ఎవరూ చెప్పరు. జీతం 21 వేల లోపు ఉంటే అందులో 0.75 శాతం కట్ అవుతుంది. మందులు, డాక్టర్ మొదటి రోజు నుంచే. బెజవాడలో గుణదల ఈఎస్ఐ హాస్పిటల్. కొన్నాళ్లు కట్టాక, జబ్బు చేసి పనికి వెళ్లలేకపోతే ఏడాదికి 91 రోజుల దాకా జీతంలో 70 శాతం వస్తుంది. రెండేళ్ల సర్వీసు నిండి, అందులో 156 రోజులు కట్టి ఉంటే, స్కిజోఫ్రీనియా, బైపోలార్ లాంటివాటికి 80 శాతం చొప్పున రెండేళ్ల దాకా పొడిగించే వీలుంది. వాళ్ల లిస్టులో బైపోలార్‌ని పాత పేరుతో మేనిక్ డిప్రెసివ్ సైకోసిస్ అని రాస్తారు. డాక్టర్ సర్టిఫికెట్‌లో రోగం పేరు ఆ లిస్టుకి సరిపోయేలా స్పష్టంగా రాయించుకోండి.

చివరగా, ఇంటి దగ్గర కూర్చుని డేటా ఎంట్రీ అనే ప్రకటనల జోలికి పోనివ్వకండి. ముందు రిజిస్ట్రేషన్ అని రెండు మూడు వేలు, తర్వాత ఎవడూ పూర్తి చేయలేనన్ని పేజీలు, తప్పులున్నాయని లాయర్ నోటీసు, కోర్టుకి రాకుండా ఉండాలంటే ఇంకో పదివేలు. అది ఉత్తుత్తి నోటీసు. మామూలోడు చించి పారేస్తాడు, మందుల మీద ఉన్న పిల్లాడు మాత్రం రెండు రాత్రులు నిద్రపోడు. ఇప్పటికే నోటీసు వచ్చి ఉంటే పైసా కట్టకండి, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి కంప్లైంట్ ఇవ్వండి.