ఎన్నారై సందేహాలు: విలియమ్స్‌బర్గ్‌లో ఇల్లు తీసుకోవచ్చా?

"అక్కా, నా ఆఫీసు న్యూయార్క్‌లో, మన్‌హాటన్‌లో యూనియన్ స్క్వేర్ దగ్గర. బ్రూక్లిన్‌లో విలియమ్స్‌బర్గ్ చూశాను, తెగ నచ్చేసింది. మావాళ్లంతా న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉండమంటున్నారు. ఏం చేయను?" అని కొత్తగా వచ్చిన ఒకమ్మాయి అడిగింది.

నచ్చితే అక్కడే ఉండు తల్లీ. బెడ్‌ఫర్డ్ ఎవెన్యూలో ఎల్ ట్రైన్ ఎక్కితే మూడో స్టాపు యూనియన్ స్క్వేర్. ఎడిసన్ నుంచి అయితే ఒక్క వైపుకే గంట పైన పడుతుంది. కాకపోతే శని, ఆదివారాల్లో పట్టాల పనులు చేస్తుంటారు, బయల్దేరే ముందు ట్రైన్ ఉందో లేదో చూసుకో.

అసలు టెన్షన్ అద్దె దగ్గరే. ఇక్కడ చాలామంది ఓనర్లు నెల అద్దెకు నలభై రెట్ల వార్షిక జీతం చూపించమంటారు. అద్దె 3,500 డాలర్లయితే 1,40,000 ఉండాలన్నమాట. అంత లేకపోతే గ్యారంటర్‌ను తెమ్మంటారు, ఆయనకు మామూలుగా ఎనభై రెట్లు అడుగుతారు. రూమ్మేట్‌తో కలిసి తీసుకుంటే ఇద్దరి జీతాలూ కలిపి చూస్తారు, కొత్తవాళ్లకు అదే తేలిక దారి. కొత్తగా వచ్చావు, క్రెడిట్ హిస్టరీ (ఇక్కడ అప్పులు, బిల్లులు కట్టిన రికార్డు) లేదని ఆరు నెలల అద్దె ముందే కట్టమంటే ఒప్పుకోకు. 2019 చట్టం ప్రకారం డిపాజిట్ అయినా, అడ్వాన్స్ అయినా ఒక నెల అద్దెకు మించి అడగకూడదు.

బ్రోకర్ విషయంలో నేను దెబ్బ తిన్నాను. నా మొదటి ఇంటికి ఏడాది అద్దెలో 15 శాతం పట్టుకెళ్లాడు. అంటే దాదాపు రెండు నెలల అద్దె, తలుపు తీసి ఇల్లు చూపించినందుకు. ఇప్పుడు ఆ బాధ లేదు. 2025 జూన్ నుంచి బ్రోకర్‌ను ఎవరు పెట్టుకుంటే వాళ్లే ఫీజు కట్టాలి. ఓనర్ పెట్టిన బ్రోకర్‌కు నువ్వు పైసా ఇవ్వక్కర్లేదు. లీజు మీద సంతకం పెట్టే ముందు ఆ ఇల్లు రెంట్ స్టెబిలైజ్డా అని కూడా అడుగు. అవునంటే నీ అదృష్టం, అద్దె ఏటా ఎంత పెంచొచ్చో సిటీ బోర్డు నిర్ణయిస్తుంది.

ఇల్లు చూడ్డానికి ఒకసారి పగలు, ఇంకోసారి శుక్రవారం రాత్రి పదకొండింటికి వెళ్లు. కింద బార్ ఉంటే నిద్ర ఉండదు. పొయ్యి మీది చిమ్నీ గాలిని బయటికి పంపుతుందో లేదో చెయ్యి పెట్టి చూడు. నా ఇంట్లో అది వంటగదిలోకే తిరిగి ఊదేది. మొదటి ఆదివారం పప్పుకు తాలింపు వేశాను. ఎండుమిర్చి ఘాటు లేచేసరికి అలారం మోగింది, పై ఇంట్లో బొమ్మలు వేసుకునే ముసలావిడ కంగారుగా దిగొచ్చింది. కిటికీ తీసి, అలారం కింద తువ్వాలు విసురుతూ నాతోపాటు నిలబడింది. ఆ పప్పన్నం ఇద్దరం కలిసి తిన్నాం. ఆ పేటలో నాకు తొలి స్నేహం ఆవిడే.

చలికాలం సంగతి. అక్టోబర్ 1 నుంచి మే 31 దాకా ఇల్లు వెచ్చగా ఉంచడం ఓనర్ బాధ్యత. పగలు బయట 55 డిగ్రీల ఫారెన్‌హీట్ కన్నా తగ్గితే లోపల 68 ఉండాలి. రాత్రి బయట ఎలా ఉన్నా లోపల 62 ఉండాలి. లేకపోతే మొహమాటపడకుండా సిటీ ఫిర్యాదుల నంబరు 311కు ఫోన్ చెయ్యి.

కరివేపాకు, గోంగూర కావాలంటే జి ట్రైన్‌లో కోర్ట్ స్క్వేర్ వెళ్లి, అక్కడ 7 నంబర్ ట్రైన్ మారి జాక్సన్ హైట్స్‌లో దిగు. అదే ట్రైన్ చివరి దాకా వెళ్తే ఫ్లషింగ్, అక్కడ బౌన్ స్ట్రీట్‌లో గణేశుడి గుడి, కింద క్యాంటీన్‌లో దోసెలు.

ఒక్కమాట మనసులో పెట్టుకో. ఈ పేట మనలాంటి జీతగాళ్ల కోసం పుట్టింది కాదు. దక్షిణం వైపు ప్యూర్టోరికో వాళ్లు, హసిడిక్ యూదులు (సంప్రదాయాన్ని గట్టిగా పాటించే యూదులు) తరాలుగా ఉన్నారు. ఖాళీ పడ్డ ఫ్యాక్టరీల్లోకి ఆర్టిస్టులు తక్కువ అద్దెకని వచ్చి చేరారు. 2005లో సిటీ నది ఒడ్డు వెంబడి ఎత్తైన బిల్డింగులకు అనుమతిచ్చాక అద్దెలు పెరిగి, వాళ్లలో చాలామంది పక్కపేట బుష్‌విక్ వైపు వెళ్లిపోయారు. అందుకే కాఫీ కొత్త స్టైల్ కేఫుల్లోనే కాదు, మూలనున్న పాత కొట్టులో కూడా కొను. యూదుల వీధుల్లో మనుషుల్ని ఫొటోలు తీయకు.

అమ్మానాన్నలు వస్తారు కాబట్టి లిఫ్ట్ లేని నాలుగో అంతస్తు వద్దు. మాది ఉయ్యూరు, షుగర్ ఫ్యాక్టరీ ఊరు. నాన్న వచ్చినప్పుడు డొమినో పార్కుకు తీసుకెళ్లాను. 2004లో మూతపడ్డ చక్కెర ఫ్యాక్టరీ స్థలంలో 2018లో తెరిచిన పార్కది, పాత క్రేన్లు, పాకం ట్యాంకులు అలాగే ఉంచారు. నాన్న ఆ ట్యాంకును అరచేత్తో తట్టి, "ఇందులో ఎన్ని బస్తాల పాకం మరిగిందో" అన్నారు. తర్వాత ఆయన రోజూ సాయంత్రం తనంతట తానే అక్కడికి నడిచి వెళ్లొచ్చేవారు.