షార్ట్ కొట్టే ముందు

హన్మకొండ

చిరంజీవి అల్లుడికి,

చేతుల లేని షేర్లు ఎట్ల అమ్ముతరో రాయమన్నవు. లాంగ్ సంగతి నీకు తెలిసిందే: పెరుగుతదని కొంటవు, పెరిగినంక అమ్ముతవు. షార్ట్‌ల ముందు అమ్మకం, తర్వాత కొనుడు. 500కు అమ్మి 480కి తిరిగి కొంటే షేరుకు 20 మిగులు. 520కి కొనాల్సొస్తే 20 పోయినట్టే.

ఇంతవరకు రెండూ ఒకటే లెక్క అనిపిస్తది. కాదు. 500కు కొన్న షేరు సున్నా అయినా పోయేది 500. అదే అమ్మిన షేరు 1,100 అయితే 600 పోతది, ఆపైన హద్దే లేదు. చాలామంది పట్టించుకోని తిరకాసు ఇంకోటుంది. లాంగ్‌ల మన అంచనా తప్పితే పొజిషన్ (ఇంకా తేల్చని సౌదా) విలువ తగ్గుతది. షార్ట్‌ల తప్పితే పెరుగుతది. 100 షేర్లు 500కు అమ్మితే 50,000, ధర 700కు పోతే అదే 70,000. మార్జిన్, అంటే సౌదాకు బ్రోకర్ దగ్గర పెట్టే పూచీ పైసలు, ఎక్కువ అడుగుతరు, ఖాతాల పైసలేమో తగ్గుతుంటయి. “ఆగుదాం, దిగొస్తది” అనే ఓపిక లాంగ్‌ల ఒక్కోసారి నడుస్తది, షార్ట్‌ల నడవది.

క్యాష్ సెగ్మెంట్‌ల, అంటే మామూలుగ షేర్లు కొనే, అమ్మే దగ్గర, షార్ట్ ఆ పూటకే. ఇంట్రాడే (ఆ దినమే ముగిసే సౌదా) అని ఎంచుకోవాలె, మార్కెట్ మూసేలోపు తిరిగి కొనాలె. బ్రోకర్లు అంతకు కొన్ని నిమిషాల ముందే వాళ్లంతట వాళ్లు కొనేస్తరు, దానికి చాలా దగ్గర్ల అదనపు ఛార్జీ. అసలు గండం అప్పర్ సర్క్యూట్, అంటే ఒక దినంల ధర పెరగనిచ్చే పై హద్దు. 5 శాతమో 10 శాతమో హద్దు తగిలి అమ్మేటోళ్లే లేకపోతే, నువ్వెంత ఇస్తనన్నా షేరు దొరకది. డెలివరీ ఇయ్యలేవు కాబట్టి ఎక్స్ఛేంజ్ వేలంల కొంటది, ధర తేడా, జరిమానా నీ మీదనే పడతయి. అందుకే ఫ్యూచర్స్ (రాబోయే తేదీకి ఇయ్యాల్నే ధర కుదుర్చుకునే ఒప్పందాలు) ఉన్న షేర్లనే షార్ట్ చెయ్యి; వాటికి అట్లాంటి గట్టి హద్దు ఉండది.

500కు అమ్మంగనే స్టాప్‌లాస్, అంటే నష్టాన్ని ఒక కాడ ఆపే ఆర్డర్, పెట్టు. అది కొనుగోలు ఆర్డర్ కావాలె: ట్రిగ్గర్ (ఆర్డర్ లేచే ధర) 508, లిమిట్ (ఎక్కువల ఎక్కువ ఇచ్చే ధర) 510. తొందరల అమ్మకం నొక్కితే షార్ట్ రెండింతలైతది. లాభంల నువ్వే బయటపడితే ఆ స్టాప్‌లాస్‌ను రద్దు చెయ్యి, లేకుంటే తర్వాత అది తగిలి, అడగని లాంగ్ నెత్తిన పడతది.

ఎన్ని షేర్లనేది మార్జిన్ చూసి తేల్చకు. 2 లక్షలుంటే ఒక దెబ్బకు 1 శాతం, అంటే 2,000 వదులుకోవచ్చనుకో. 500 నుంచి 508 దాక 8 రూపాయల దూరానికి 250 షేర్లు. ఇంట్రాడే మార్జిన్ 20 శాతమే కదా అని 2,000 షేర్లు అమ్మితే అదే 8 రూపాయలకు 16,000 పోతది.

రాత్రి దాటి ఉంచాలంటే ఫ్యూచర్స్. నిజామాబాద్ పసుపు తీస్కో. పంట సరుకుల ఎక్స్ఛేంజ్ ఎన్‌సీడీఈఎక్స్‌ల ఒక లాట్ (ఒక ఒప్పందానికి సరుకు కొలత) 5 టన్నులు, అంటే 50 క్వింటాళ్లు. గోదాంల అంత పసుపున్న వ్యాపారి ఇప్పటికే లాంగ్‌ల ఉన్నట్టు. ఆయన ఒక లాట్ అమ్మితే జూదం కాదు, రక్షణ. 14,000 ఉన్న క్వింటాల్ ధర 12,500కు పడితే సరుకు మీద 75,000 పోతది, ఫ్యూచర్స్‌ల దాదాపు అంతే వస్తది. ధర 16,000 అయితే? సరుకు మీద లక్ష పెరిగినట్టే, కానీ సరుకు ఇంక అమ్మలే. ఫ్యూచర్స్ నష్టమేమో ఏ రోజుది ఆ రోజు నగదుల కట్టాలె. సరుకుంది కదా అని నగదు పక్కన పెట్టుకోకుంటే మధ్యలనే లాట్ వదులుకుంటరు, రక్షణ ఉత్తదైతది. షేర్ల ఫ్యూచర్స్‌ల ఇంకో సంగతి: ఒప్పందం గడువు దినం దాక షార్ట్ ఉంచితే షేర్లే అప్పజెప్పాలె.

ధర పడతదనుకుంటే పుట్ కొనొచ్చు; అది ఆప్షన్స్‌ల ఒక రకం, ముందే అనుకున్న ధరకు అమ్మే హక్కు. అప్పుడు నీ నష్టం ఆ హక్కుకు కట్టిన ప్రీమియం వరకే, కాకపోతే రోజులు గడిచినకొద్దీ అది కరుగుతది. పుట్ అమ్మినోడు మాత్రం ధర పెరగాలెనో, నిలవాలెనో కోరుకుంటడు. పడితే ఆయన నష్టం ప్రీమియంతో ఆగది. షేర్ మార్కెట్‌ను అదుపుల పెట్టే సెబీ 2024ల చెప్పిన లెక్కల, 2021-22 నుంచి మూడేండ్లల ఈక్విటీ ఫ్యూచర్స్, ఆప్షన్స్ చేసిన వ్యక్తుల్ల 93 శాతం మంది నష్టపోయిన్రు. ఇంట్రాడే చేతికొచ్చేదాక నువ్వు ఇందుల వేలు పెట్టకు.

ఇంట్రాడేల వచ్చింది పన్ను లెక్కల స్పెక్యులేటివ్ (సరుకు చేతులు మారని సౌదాల) వ్యాపార ఆదాయం. అందుల నష్టమొస్తే జీతంలకెళ్లి తీసెయ్యరాదు, అదే రకం లాభంలకెళ్లే. 4 ఏండ్ల దాక ముందుకు తీస్కపోవచ్చు, రిటర్న్ గడువు లోపల వేస్తేనే. కాంట్రాక్ట్ నోట్లు, అంటే బ్రోకర్ పంపే సౌదాల లెక్క కాయితాలు, జాగ్రత్తగ పెట్టు.

మీ మామ