విన్‌బ్లాస్టిన్ వద్దు, చిన్న అణువును ఎంచుకోండి

అనంతపురంలో ఎమ్మెస్సీ ఆర్గానిక్ కెమిస్ట్రీ ముగించిన మీరు, పీహెచ్‌డీలో బిళ్ళగన్నేరులోని విన్‌బ్లాస్టిన్‌ను మార్చి కణ విభజనకు అవసరమైన ట్యుబ్యులిన్ అనే ప్రోటీన్‌ను అడ్డుకునే క్యాన్సర్ మందు రూపొందించవచ్చా అని అడిగారు. నేనూ అనంతపురంలోనే చదువుకుని ఇదే రంగంలో పరిశోధన చేశాను. మీ ఉత్సాహం నాకు చాలా నచ్చింది, కానీ ఆ అణువు వద్దు. అది కాథరాంథిన్, విండోలిన్ అనే రెండు పెద్ద భాగాల కలయిక, పైగా ఆకులో ఉండేది అత్యల్పం. ఒక నైట్రోజన్ మీది మిథైల్ స్థానంలో ఫార్మైల్ వస్తే అదే విన్‌క్రిస్టిన్ అనే మరో క్యాన్సర్ మందు. అంత చిన్న మార్పుకే దుష్ప్రభావం ఎముక మజ్జ నుంచి నరాల మీదికి మళ్లుతుంది.

కాంబ్రెటాస్టాటిన్ ఏ-4 అనే చిన్న అణువుతో మొదలుపెట్టండి. దక్షిణాఫ్రికాలోని కాంబ్రెటమ్ కాఫ్రమ్ అనే చెట్టు నుంచి రసాయన శాస్త్రవేత్త జార్జ్ పెటిట్ బృందం దాన్ని వేరుచేసింది. అగ్నిశిఖ దుంపలోని కొల్చిసిన్ ట్యుబ్యులిన్‌లో ఎక్కడ కుదురుకుంటుందో ఇదీ అక్కడే కుదురుకుంటుంది. రెండు బెంజీన్ వలయాలు, మధ్యలో ఒక ద్విబంధం, అంతే. ఎమ్మెస్సీలో నేర్చుకున్న, ద్విబంధాన్ని కట్టే విట్టిగ్ చర్యతోనే చేయవచ్చు.

చిక్కంతా ఆ ద్విబంధంలోనే ఉంది. రెండు వలయాలూ ద్విబంధానికి ఒకే వైపున ఉండే సిస్ రూపమే పనిచేస్తుంది. అవి ఎదురెదురు వైపులకు వెళ్లి ట్రాన్స్‌గా మారితే మందుగా పనిచేసే శక్తి బాగా పడిపోతుంది, మారడానికి వెలుతురు చాలు. శుద్ధిచేసిన పదార్థం వెలుతురులో ఉండిపోతే పదార్థాలను విడదీసి చూపే టీఎల్‌సీ ప్లేటు మీద, యూవీ దీపం కింద రెండో మచ్చ తేలుతుంది. మేం సీసాలకు అల్యూమినియం రేకు చుట్టి ఉంచేవాళ్లం. కణాల పరీక్షకు హైదరాబాదు పంపే ముందు అణువు ఆకారాన్ని తెలిపే ఎన్ఎంఆర్ మళ్లీ తీయించేవాళ్లం. అందులో ద్విబంధం మీది రెండు హైడ్రోజన్ల మధ్య జె విలువ 12 హెర్ట్జ్ దగ్గర ఉంటే సిస్, 16 దగ్గర ఉంటే ట్రాన్స్.

ఈ బెడద లేకుండా ద్విబంధం చోట ట్రైఅజోల్ (మూడు నైట్రోజన్లున్న ఐదు పరమాణువుల వలయం) వంటిది పెట్టి ఆకారాన్ని బిగించవచ్చు. ఇక్కడ చాలామంది రాగి ఉత్ప్రేరకంతో తేలికగా జరిగే క్లిక్ చర్య వైపు వెళ్తారు. దానితో వచ్చేది 1,4-ట్రైఅజోల్, అంటే ట్రాన్స్‌ను పోలిన ఆకారం. మీకు కావలసింది సిస్‌ను పోలిన 1,5. దానికి రుథేనియం ఉత్ప్రేరకం వాడాలి. రెండు బెంజీన్ వలయాల్లో మూడు మిథాక్సీలున్న ట్రైమిథాక్సీ వలయాన్ని మాత్రం మొదట్లో కదిలించకండి, మార్పులన్నీ రెండో వలయం మీదే చేయండి.

కణాలు చనిపోయినంత మాత్రాన మందు ట్యుబ్యులిన్‌కే తగిలిందని రాయకూడదు. అణువు ప్రోటీన్‌లో ఎలా కుదురుకుంటుందో అంచనా వేసే కంప్యూటర్ డాకింగ్ చిత్రమూ రుజువు కాదు. పొడోఫిల్లోటాక్సిన్ అనే మొక్కల పదార్థం ట్యుబ్యులిన్‌ను పట్టుకుంటుంది. దాన్ని మార్చి చేసిన ఎటొపొసైడ్ మాత్రం ట్యుబ్యులిన్‌ను వదిలి టోపోఐసోమరేజ్-2 అనే వేరే ఎంజైమ్ మీద పనిచేస్తుంది. కాబట్టి శుద్ధమైన ట్యుబ్యులిన్‌తో, అది పోగులుగా కూడేకొద్దీ 340 నానోమీటర్ల కాంతి దగ్గర మసక పెరుగుదలను కొలిచే పరీక్ష, కొల్చిసిన్‌ను పోలికకు పెట్టుకుని, తప్పక చేయించాలి. ఆ ప్రోటీన్ ఖరీదైనది, చల్లదనం తప్పితే పాడవుతుంది. గైడ్‌ను ఎంచుకునేటప్పుడే ఆ పరీక్ష ఎక్కడ చేయిస్తారో, ఖర్చు ఏ ప్రాజెక్టు నుంచి వస్తుందో అడిగి తెలుసుకోండి.