బావంచాల నూనె, ఎండ

అమ్మడూ,

బావంచాలతో ముఖానికి రాసే క్రీము చేసి అమ్ముతావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. కెమిస్ట్రీ చదివిన పిల్లవి, చేయగలవు. వీధిలో నలుగురికీ చెప్పుకున్నాను కూడా. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

లైసెన్సు తీసుకో, ప్రతి బ్యాచికీ నంబరు వేసుకో. ఇవి నీకు తెలిసినవే.

నువ్వు పంపిన 2019 నాటి పరిశోధన చదివాను. 44 మంది, 12 వారాలు. బావంచాల నుంచి తీసే బకూచియోల్‌ను 0.5 శాతం క్రీముగా రోజుకు రెండుసార్లు రాస్తే ముడతలు, మచ్చలు తగ్గడంలో విటమిన్ ఎ జాతి మందు రెటినాల్‌కు తీసిపోలేదు, పొట్టు రేగడం, మంట కూడా తక్కువే. బాగుంది. కానీ వాళ్లు రాసింది బకూచియోల్. నువ్వు కొన్నది గింజల నూనె. అందులో సోరలెన్ అనే ఇంకో పదార్థం కూడా ఉంటుంది తల్లీ.

మీ అమ్మ మోచేతి దగ్గరి నల్లమచ్చ పాలు ఒలికి వచ్చిందని నీకు చెప్పాం. అబద్ధం. మీ అమ్మకు పదహారేళ్లప్పుడు అక్కడ రూపాయి బిళ్లంత బొల్లి మచ్చ లేచింది. పెళ్లెలా అవుతుందని ఇంట్లో గుసగుసలు. నేనప్పుడు ఫార్మసీ రెండో ఏడు, అన్నీ తెలుసనుకునే వయసు. బొల్లికి వాడతారని పచారీ కొట్లో బావంచాలు కొని, నూరి, నూనెలో కాచాను. ముందు నా చేతికే రాసుకుని రాత్రంతా చూశాను. ఏమీ కాలేదు. పొద్దున్నే దానికి పట్టించాను. ఆ రోజే మాగాయ ముక్కలు ఎండబెట్టడానికి ఇద్దరం డాబా ఎక్కాం. సాయంత్రానికీ ఏమీ లేదు. మర్నాడు ఎర్రబడింది, మూడో నాటికి నీటి బుడగలు. సోరలెన్ చీకట్లో నోరు విప్పదు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు తగిలితేనే కాలుస్తుంది, అదీ ఆలస్యంగా. నేను పరీక్ష చేసింది రాత్రి పూట! మీ అమ్మ ఏడుపు దిగమింగుకుని, "అక్కా, నాన్నకు చెప్పకు" అంది. కాలింది దాని చెయ్యి, కాపాడింది నన్ను.

అందుకే, రాత్రి మోచేతి మడతలో రాసి చూశానని నాతో అనకు, కోపం వస్తుంది. నూనెలో సోరలెన్, దాని తోబుట్టువు ఐసోసోరలెన్ ఎంతున్నాయో అమ్మినవాళ్లను ల్యాబ్ నివేదిక అడుగు. ఇవ్వకపోతే సరుకు తిప్పి పంపు. శుద్ధి చేసిన బకూచియోల్ ఖరీదే, డబ్బు నేనిస్తాను. ఎండ పరీక్ష ఇంట్లో ఎవరి మీదా వద్దు, చర్మవైద్యుల దగ్గర చేయించు. డబ్బా మీద "గర్భిణులకు భద్రం" అని రాయకు. 44 మందిని చూసి అంత మాట అనలేం.

అన్నీ అయ్యాక మొదటి డబ్బా మీ అమ్మకిస్తానన్నావట. ముందు నాకు పంపు.

పెద్దమ్మ