సెల్లో మీద ఒక తగవు, బడి మీద మరొకటి

ప్రశ్న: బ్రిటిష్ సెల్లో (వయొలిన్ జాతికి చెందిన పెద్ద తీగవాద్యం) విద్వాంసుడు జూలియన్ లాయిడ్ వెబర్ గురించి మా ఇంట్లో చాలాకాలంగా వాదన నడుస్తోంది. ఆయన వాయించిన, ఇంగ్లిష్ స్వరకర్త ఎల్గార్ కన్సర్టో (ఒక వాద్యం ముందుండగా ఆర్కెస్ట్రాతో కలిసి సాగే రచన) అంటే నాకు ప్రాణం. మా అన్నయ్య మాత్రం ఆ నాదం మరీ తియ్యగా, పలచగా ఉంటుందనీ, సంగీత నాటకాల స్వరకర్త ఆండ్రూ లాయిడ్ వెబర్‌కు తమ్ముడు కాకపోతే ఆయన పేరు ఎవరికీ తెలిసేది కాదనీ అంటాడు. మీ అభిప్రాయం చెప్పండి.

జవాబు: ముందు ఇంటిపేరు సంగతి చూద్దాం, ఎందుకంటే అది త్వరగా తేలిపోయే విషయం. అన్న పేరు తమ్ముడికి ఉపయోగపడలేదని ఎవరూ అనలేరు. 1977లో లేటన్ ఓరియంట్ అనే ఫుట్‌బాల్ జట్టు ఆడిన మ్యాచ్ మీద అన్నదమ్ములు పందెం కాసుకోగా అన్న ఓడిపోయి, ఆ పందెం కింద ఇటలీ స్వరకర్త పాగనీనీ బాణీ ఆధారంగా తమ్ముడి సెల్లో కోసం కొన్ని రూపాంతరాలు రాసిచ్చాడు. 1978లో వచ్చిన ఆ ఆల్బమ్ బ్రిటన్ అమ్మకాల పట్టికలో రెండో స్థానం దాకా వెళ్ళింది. శాస్త్రీయ సంగీతం ఎన్నడూ వినని ఇళ్ళలోకి సెల్లో ఆ రికార్డుతో చేరిన మాట నిజమే. అయితే ఇంటిపేరు చూసి ఒకసారి కచేరీకి వచ్చిన శ్రోత, వాయిద్యంలో సరుకు లేకపోతే రెండోసారి రాడు. హోవాకిన్ రోద్రీగో 1980ల తొలినాళ్ళలోనూ, ఫిలిప్ గ్లాస్ 2001లోనూ ఈయన కోసం కొత్త కన్సర్టోలు రాశారు. అంతటి స్వరకర్తలు ఎవరి తమ్ముడో చూసి నెలల తరబడి కూర్చుని కన్సర్టో రాయరు.

ఇక నాదం. అసలు తగవు ఇక్కడ ఉంది, మీ అన్నయ్య మాటలో కొంత నిజం కూడా ఉంది. ఎల్గార్ సెల్లో కన్సర్టో 1919లో వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటి సంవత్సరం, అరవై దాటిన మనిషి రాసిన సంగీతం అది. సెల్లో ఒంటరిగా నాలుగు బరువైన స్వర మేళవింపులతో మొదలుపెట్టి, ఏదో చెప్పబోయి ఆగినట్టు ఆగుతుంది. తర్వాత వయొలిన్ కంటే కాస్త పెద్దవైన వయోలాలు ఏ తోడూ లేకుండా ప్రధాన స్వరాన్ని ఎత్తుకుంటాయి. ఊయల ఊగినట్టుండే ఆ నడకను సెల్లో అందిపుచ్చుకుని, పదేపదే తిప్పి, చివరికి మెట్టు మీద మెట్టుగా పై స్వరాల దాకా ఎక్కిన క్షణంలో ఆర్కెస్ట్రా మొత్తం ఒక్కసారిగా విరుచుకుపడుతుంది. 1965లో సెల్లో విద్వాంసురాలు జాక్వెలిన్ డు ప్రే, కండక్టర్ బార్బిరోల్లీ నిర్వహణలో చేసిన రికార్డింగులో ఆ ఎక్కడం గుండె చీల్చుకుని ఏడ్చినట్టుంటుంది. వేలు ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారేటప్పుడు ఆ జారు కూడా వినిపిస్తుంది. రెండు తరాల శ్రోతలకు ఎల్గార్ అంటే అదే అయిపోయింది. లాయిడ్ వెబర్ 1985లో యెహూదీ మెనూహిన్ నిర్వహణలో చేసిన రికార్డింగులో ఏడుపు లేదు. ఏడ్చి ఊరుకున్న తర్వాతి నిదానం ఉంది. చిన్నప్పుడు, 1932లో, ఎల్గార్ నిర్వహణలోనే ఆయన వయొలిన్ కన్సర్టోను రికార్డు చేసిన మెనూహిన్ ఆ ఆర్కెస్ట్రా ముందు నిలబడి ఉన్నాడన్నది మరచిపోకుండా వినండి. మీరు ప్రేమించేదీ, మీ అన్నయ్య పలచన అనేదీ ఆ నిదానాన్నేనని నా అనుమానం. ఆ రికార్డింగుకు 1987లో బ్రిట్ పురస్కారం వచ్చింది కానీ, పురస్కారం చూపించి ఎవరి చెవినీ ఒప్పించలేం.

మీ అన్నయ్య పక్షాన ఒప్పుకోవలసినది కూడా చెబుతాను. చెక్ స్వరకర్త డ్వోర్జాక్ కన్సర్టోలో ఆర్కెస్ట్రా మీదికి ఉప్పెనలా వచ్చే చోట్ల లాయిడ్ వెబర్ నాదం నాకూ కాస్త చిన్నదిగానే వినిపిస్తుంది. రెండు మూడు నిమిషాల మధురమైన తునకలు ఏర్చి కూర్చిన ఆల్బమ్‌లు వరుసగా వింటే, ప్రతి దీర్ఘస్వరం మీదా ఒకే తీరు కంపనం పలకడం వల్ల నాలుగో తునకకే చెవి అలిసిపోతుంది. కానీ ఆయనను ఆ తునకలతో తూచడం న్యాయం కాదు. ఎవరూ పట్టించుకోని బ్రిటిష్ రచనలను వెతికి తీసి వాయించడంలో ఆయన చేసిన పని చాలా పెద్దది. ఆర్థర్ సల్లివాన్ సెల్లో కన్సర్టో రాతప్రతి 1964లో అగ్నిప్రమాదంలో కాలిపోయింది. కండక్టర్ చార్లెస్ మెకెరాస్, తనకు గుర్తున్నదానిని, మిగిలిన సెల్లో భాగాన్ని ఆధారం చేసుకుని, డేవిడ్ మాకీతో కలిసి దాన్ని తిరిగి నిలబెడితే, 1986లో లండన్‌లో వాయించి ప్రాణం పోసింది ఈయనే. డీలియస్, హోల్స్ట్, ఫ్రాంక్ బ్రిడ్జ్ సెల్లో రచనలు కొన్ని ఈనాటి శ్రోతకు దొరుకుతున్నాయంటే అందులో ఆయన కష్టం ఉంది.

ప్రశ్న: సంగీత విద్య గురించి ఆయన ప్రభుత్వాలను గట్టిగా నిలదీస్తూ ఉంటారు. సంగీతకారుల కుటుంబంలో పుట్టి, ఏ లోటూ లేకుండా నేర్చుకుని, వాయించడం మానేశాక పేద పిల్లల చదువు గురించి ఉపన్యసించడం నాకు అంత నిజాయతీగా తోచదు. ఇలా అనుకోవడం తప్పా?

జవాబు: అనుమానించడం తప్పు కాదు, కానీ కాలక్రమం మీ మాటకు అడ్డొస్తోంది. ఆయన వాయించడం మానేసింది 2014లో. బడుల్లో సంగీతం కోసం ప్రచారం మొదలుపెట్టింది 2003లో, అప్పటికి ఆయన కచేరీలు మంచి ఊపులో ఉన్నాయి. వేణువు విద్వాంసుడు జేమ్స్ గాల్వే, తాళవాద్య కళాకారిణి ఎవెలిన్ గ్లెనీ, స్వరకర్త మైకేల్ కేమన్‌లతో కలిసి ఆయన ప్రభుత్వం మీద ఒత్తిడి తెచ్చారు. 2007లో బ్రిటన్ ప్రభుత్వం సంగీత విద్యకు 33.2 కోట్ల పౌండ్లు ప్రకటించింది. అదంతా ఈ నలుగురి వల్లే వచ్చిందని అనను. బడి టీచర్లు, స్థానిక సంగీత సేవల వాళ్ళు ఏళ్ళ తరబడి మొరపెట్టుకున్న ఫలితం కూడా అందులో ఉంది. అయితే టీచర్ రాసిన ఉత్తరం దాటలేని గడపను పేరున్న విద్వాంసుడి మాట దాటుతుంది. ఆ పేరును అందుకు వాడుకున్నందుకు ఆయనను తప్పు పట్టలేను.

మానేసిన కారణం కూడా తెలుసుకోవాలి. ఆయన మెడలో డిస్కు జారి కుడిచేతిలో బలం తగ్గిపోయింది. సెల్లోలో ఎడమచేయి స్వరస్థానాన్ని పట్టుకుని కంపనం ఇస్తుంది. నాదాన్ని పుట్టించి నిలబెట్టేది కుడిచేత్తో తీగల మీద లాగే కమాను. కమాను పట్టు దగ్గర చేతి బరువు సహజంగానే తీగ మీద పడుతుంది. కొస వైపు వెళ్ళేకొద్దీ ఆ బరువు తరిగిపోతుంది కనుక, స్వరం సన్నబడకుండా ఉండాలంటే భుజం నుంచి మోచేయి, మణికట్టు, చూపుడువేలు మీదుగా బరువును కొంచెం కొంచెంగా అందిస్తూ పోవాలి. శ్రోతకు ఒక్క గీతలా వినిపించే స్వరం వెనుక క్షణక్షణం మారే ఈ సర్దుబాటు ఉంటుంది. దీర్ఘస్వరాన్ని నిలబెట్టడమే బాణీగా చేసుకున్న విద్వాంసుడికి పోయింది ఆ చేతి బలమే. 2014 మే నెలలో మాల్వెర్న్‌లో చివరిసారి వాయించి ఆయన సెల్లో పక్కన పెట్టారు. మరుసటి ఏడాది బర్మింగ్‌హామ్ సంగీత కళాశాలకు ప్రిన్సిపాల్‌గా వెళ్ళి 2020 వరకూ పనిచేశారు. వాయించలేని మనిషి నేర్పే చోటికి వెళ్ళడంలో నాకు నిజాయతీ లోపం కనిపించడం లేదు.

పుట్టుక మాటకు వస్తే, మీరన్నది నిజమే. తండ్రి ఆర్గాన్ విద్వాంసుడు, స్వరకర్త, లండన్‌లో ఒక సంగీత కళాశాలకు డైరెక్టర్. తల్లి పియానో టీచర్. కానీ ఇంట్లో సంగీతం ఉన్న పిల్లవాడికి ఏమేమి ఉచితంగా దొరుకుతాయో, లేని పిల్లవాడు ఏమేమి కోల్పోతాడో దగ్గరుండి చూసినవాడు ఆ మాట అనడంలో తప్పేముంది?

ప్రశ్న: నేను బడి టీచర్‌ను. ఇంగ్లండ్‌లో పేద పేటల పిల్లలకు సంగీతం నేర్పడానికి ఆయన ముందుండి నడిపిన ‘ఇన్ హార్మొనీ’ పథకం నిజంగా ఫలితమిచ్చిందా? సంగీతం నేర్చుకుంటే లెక్కలు బాగా వస్తాయనే మాట ఎంతవరకు నమ్మాలి?

జవాబు: మీ ప్రశ్న ఈ నెల వచ్చినవాటిలో నాకు అన్నిటికంటే ముఖ్యమైనదిగా తోచింది. ఈ పథకానికి మూలం వెనిజులాలో ఉంది. హోసే అంతోనియో అబ్రేయు 1975లో కరాకస్‌లో మొదలుపెట్టిన ‘ఎల్ సిస్తేమా’ పేద పిల్లలకు ఉచితంగా వాయిద్యాలిచ్చి, తొలిరోజు నుంచే ఆర్కెస్ట్రాలో కూర్చోబెట్టింది. ఆ పిల్లల ఆర్కెస్ట్రా 2007లో గుస్తావో దుదమెల్ నిర్వహణలో లండన్ ప్రామ్స్ ఉత్సవంలో వాయించినప్పుడు బ్రిటన్ నివ్వెరపోయింది. ఆ తర్వాతే లాయిడ్ వెబర్ నాయకత్వంలో లండన్‌లోని లాంబెత్, లివర్‌పూల్, నారిచ్ అనే మూడు చోట్ల ‘ఇన్ హార్మొనీ’ మొదలైంది. లివర్‌పూల్‌లో వెస్ట్ ఎవర్టన్ అనే పేదల పేటలోని ఒక ప్రాథమిక పాఠశాలను అక్కడి ఫిల్‌హార్మోనిక్ ఆర్కెస్ట్రా దత్తత తీసుకున్నట్టే చూసుకుంది. ప్రతిభ ఉన్న పిల్లలను ఏరుకోకుండా, బడిలోని పిల్లలందరికీ, బడి వేళల్లోనే నేర్పడం దాని పద్ధతి. నా దృష్టిలో పథకం ఆయువుపట్టు అదే. బడి అయ్యాక సాయంత్రం తరగతి పెడితే, తీసుకెళ్ళే తల్లిదండ్రులున్న పిల్లలే వస్తారు. బడి గంటల్లో పెడితే ఎవరూ తప్పిపోరు.

ఇంగ్లండ్‌లోని జాతీయ విద్యా పరిశోధన సంస్థ కొన్నేళ్ళపాటు ఈ పథకాన్ని పరిశీలించి 2016లో తుది నివేదిక ఇచ్చింది. పిల్లల్లో సంగీతం మీద ఇష్టం, బడిలో ఆత్మవిశ్వాసం కనిపించాయి కానీ, మార్కుల్లోనూ హాజరులోనూ పథకం వల్ల తేడా వచ్చిందని అంకెలు రుజువు చేయలేకపోయాయి. దీన్ని పట్టుకుని విమర్శకులు పథకం విఫలమైందన్నారు. నేను అలా అనను. లెక్కల మార్కులు పెంచుతామని మాట ఇచ్చి డబ్బు అడిగినవాళ్ళది మాత్రం పొరపాటు. సంగీతం లెక్కలకు సాయం కాబట్టి బడిలో ఉండాలని వాదిస్తే, లెక్కలు పెరగలేదని తేలిన రోజున సంగీతాన్ని తీసేయడానికి మీ నోటి మాటే ఆధారమవుతుంది. పిల్లవాడికి లెక్కలు ఎందుకు నేర్పాలో ఎవరూ సంగీతం పేరు చెప్పి సమర్థించరు కదా! సంగీతాన్ని కూడా దాని కోసమే నేర్పాలి.

వెనిజులా నమూనా మీద కూడా గట్టి విమర్శలున్నాయి. ఒక బ్రిటిష్ పరిశోధకుడు 2014లో ప్రచురించిన అధ్యయనంలో అక్కడి క్రమశిక్షణ పిల్లల మీద పెత్తనంగా మారిందనీ, ఆర్కెస్ట్రాలో పిల్లవాడు ఆజ్ఞ పాటించడం నేర్చుకుంటాడు కానీ సొంతంగా సృష్టించడం నేర్చుకోడనీ రాశాడు. ఈ విమర్శను తోసిపుచ్చకూడదు. ఏడేళ్ళ పిల్లను వరుసలో కూర్చోబెట్టి కమానులన్నీ ఒకే దిక్కుకు కదిలించడంతో పాటు, తనకు తోచిన నాలుగు స్వరాలు కూర్చి చూసే సమయం కూడా ఇవ్వాలి.

ఈ వాదనలు తేలకముందే బడుల్లో సంగీతం తరిగిపోతోంది. నాటింగ్‌హామ్‌లో ప్రభుత్వ బడిలో చదివిన సెల్లో కళాకారుడు షేకు కానే మేసన్ 2016లో బీబీసీ యువ సంగీతకారుడి పోటీ గెలిచాడు. రెండేళ్ళ తర్వాత, తాను చదివిన ఆ బడిలో సెల్లో పాఠాలు ఆగిపోకుండా ఉండడానికి తన చేతి డబ్బు 3,000 పౌండ్లు ఇవ్వవలసి వచ్చింది. ఇరవై ఏళ్ళు నిండని కుర్రవాడు చందా ఇస్తే గాని పాఠం నడవని స్థితిలో, లాయిడ్ వెబర్ గొంతు కాస్త పెద్దది చేశారని బాధపడడం నాకు చేతకాదు.

ప్రశ్న: మొదటిసారి వినేవాళ్ళు ఆయన రికార్డింగుల్లో ఏది ముందు వినాలి?

జవాబు: ఫ్రాంక్ బ్రిడ్జ్ 1930లో పూర్తిచేసిన ‘ఒరేషన్’తో మొదలుపెట్టండి. యుద్ధంలో పోయినవాళ్ళ కోసం సెల్లోకూ ఆర్కెస్ట్రాకూ రాసిన రచన అది. సుమారు అరగంట సాగుతుంది. తియ్యదనానికి అందులో చోటు లేదు, నడుమ వచ్చే సైనిక కవాతు నడక వెన్ను జలదరింపజేస్తుంది. మొదటి ప్రశ్న పంపిన సోదరి కూడా ఎల్గార్‌ను కాసేపు పక్కన పెట్టి, వాయించేది ఎవరో చెప్పకుండా తన అన్నయ్యకు దీన్ని వినిపించి, ఆయన ఏమన్నారో మాకు రాస్తే వచ్చే నెల ఈ శీర్షికలోనే వేసుకుంటాం.